వాణిజ్య పచ్చిక కోతలో బ్లేడ్లు, గడ్డి సేకరణ పరికరాలు: వాన్ (కెనడా) చరిత్ర

వాణిజ్య పచ్చిక కోత అంటే ఇళ్ల సముదాయాలు, కార్యాలయాలు, పార్కులు, గోల్ఫ్ మైదానాల్లోని లాన్లను కాంట్రాక్టు మీద కత్తిరించే పని. ఇందులో మోవర్‌కు ఏ బ్లేడు బిగించాలి, తెగిన గడ్డిని నేల మీదే వదలాలా లేక సంచికెత్తాలా అనేవి ఒకదానితో ఒకటి ముడిపడిన నిర్ణయాలు. గడ్డి ఎక్కడికి పోవాలో తేలితేనే బ్లేడు ఏదో తేలుతుంది. ఒంటారియో ప్రావిన్స్‌లో టొరంటోకు ఉత్తరాన ఆనుకొని ఉన్న వాన్ నగరంలో (2021 జనాభా లెక్కల ప్రకారం 3,23,103 మంది) ఈ నిర్ణయాలకు యంత్రాల పరిణామం ఒక్కటే కారణం కాదు. చెత్త విధానం, పురుగుమందుల నిషేధం, నేల తీరు కూడా వాటిని మార్చాయి.

తొలి యంత్రాలు

ఇంగ్లాండులోని గ్లాస్టర్‌షైర్‌కు చెందిన ఎడ్విన్ బడింగ్ 1830లో పేటెంటు పొందిన యంత్రంతో లాన్ మోవర్ చరిత్ర మొదలవుతుంది. మిల్లుల్లో ఉన్ని బట్ట మీది నూగును సమంగా కత్తిరించే యంత్రాన్ని చూసి ఆయన దీన్ని రూపొందించాడు. తిరిగే సిలిండరు మీది మెలి బ్లేడ్లు, కింద కదలకుండా ఉండే మరో బ్లేడుకు ఒరుసుకుంటూ గడ్డిని కత్తెరలా తుంచేవి. తెగిన గడ్డి ముందున్న పళ్లెంలో పడేది. అంటే కోత, సేకరణ రెండూ మొదటి యంత్రంలోనే కలిసి పుట్టాయి. 1832లో ఇప్స్‌విచ్‌లోని రాన్సమ్స్ సంస్థ లైసెన్సు తీసుకొని వీటి తయారీ చేపట్టింది. 1840లలో స్కాట్లాండు వాడైన అలెగ్జాండర్ షాంక్స్ గుర్రం లాగే మోవర్లు చేశాడు. భారతదేశపు మైదానాల్లో వీటికి ఎద్దులను కట్టేవారు. 1902లో రాన్సమ్స్ పెట్రోలు ఇంజను మోవర్‌ను అమ్మకానికి తెచ్చింది.

అప్పటి వాన్ వ్యవసాయ టౌన్‌షిప్. ఇక్కడ పొలం గడ్డి కోసే యంత్రాలు తయారయ్యేవి. ప్యాటర్సన్ సోదరుల వ్యవసాయ పరికరాల కర్మాగారం చుట్టూ ఒక ఊరే వెలిసింది. ఆ సంస్థ 1880లలో ఒంటారియోలోనే ఉన్న వుడ్‌స్టాక్‌కు తరలి, 1891లో మాసీ-హారిస్ సంస్థలో కలిసిపోయింది. ప్యాటర్సన్ పేరు నేడు వాన్‌లోని ఒక పెద్ద నివాస ప్రాంతానికి నిలిచింది. వాన్‌లోనే ఉన్న వుడ్‌బ్రిడ్జ్‌లో జాన్ ఎబెల్ కర్మాగారం ఆవిరి ఇంజన్లకు, నూర్పిడి యంత్రాలకు పేరుపొందింది.

రోటరీ బ్లేడు, జీరో-టర్న్ మోవర్

నిలువు ఇరుసుకు అడ్డంగా బిగించిన బ్లేడు వేగంగా తిరుగుతూ గడ్డిని తాకిడితో తెంచే రోటరీ పద్ధతి 20వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చింది. బ్రిటన్‌లో 1930లలో రోటోసైత్, ఆస్ట్రేలియాలో 1952లో విక్టా మోవర్లు వచ్చాయి. సిలిండరు మోవర్ పొట్టి గడ్డిని నున్నగా కోస్తుంది. కానీ గడ్డి ఏపుగా పెరిగినా, పుల్లలూ రాళ్లూ తగిలినా తడబడుతుంది. రోటరీ వీటిని తట్టుకోగలిగింది.

రోటరీలో బ్లేడే పంకా కూడా. బ్లేడు వెనక అంచున పైకి వంగిన రెక్క గాలిని ఎగదోస్తుంది. ఆ గాలి వంగిన గడ్డిని నిలబెడుతుంది, తెగిన ముక్కలను డెక్ (బ్లేడును కప్పే తొడుగు) లోపల తిప్పి బయటకు నెడుతుంది. ఆ తర్వాత వచ్చిన బ్లేడు రకాలన్నీ ప్రధానంగా ఈ రెక్క ఎత్తులో, ఆకారంలో చేసిన మార్పులే.

కాన్సస్‌లో జాన్ రెజియర్ రూపొందించిన యంత్రం 1964లో హస్ట్లర్ పేరుతో మార్కెట్లోకి వచ్చి, ఉన్నచోటే తిరగగల జీరో-టర్న్ మోవర్లకు దారి వేసింది. 1980 ప్రాంతంలో కొలరాడోకు చెందిన వాకర్ సంస్థ గడ్డిని ఫ్యానుతో వెనక పెట్టెలోకి లాగే ఏర్పాటును మోవర్‌లో అంతర్భాగం చేసింది. 1971లో టౌన్‌గా, 1991 జనవరి 1న నగరంగా మారిన వాన్‌లో పొలాలు లేఅవుట్లుగా మారుతున్న కాలం ఇదే. లాన్ల విస్తీర్ణంతో పాటు కాంట్రాక్టు కోత కూడా పెరిగింది.

సంచుల కాలం, మేపుల్ చెత్త గుట్ట

1950ల నుంచి ఉత్తర అమెరికాలో కోసిన గడ్డిని సంచికెత్తడమే శుభ్రతకు గుర్తుగా చలామణి అయింది. వదిలిన గడ్డి కుదుళ్ల దగ్గర పేరుకొని లాన్‌కు ఊపిరాడకుండా చేస్తుందన్న నమ్మకం ఇందుకు ఒక కారణం. అలా పేరుకునే పొర ప్రధానంగా వేళ్లు, కాండాల వంటి లిగ్నిన్ ఎక్కువున్న భాగాలతో ఏర్పడుతుందని, లేత ఆకు ముక్కలు త్వరగా కుళ్లిపోతాయని పరిశోధనలు తర్వాత తేల్చాయి.

సంచికెత్తిన గడ్డికి ఎక్కడో ఒకచోట స్థలం కావాలి. వాన్‌లోని మేపుల్‌లో 1983లో తెరిచిన కీల్ వ్యాలీ డంపింగ్ స్థలం టొరంటో ప్రాంతపు చెత్తను దాదాపు ఇరవయ్యేళ్లు మోసింది. కెనడాలో అతి పెద్ద చెత్త గుట్టల్లో అదొకటి. 2002 డిసెంబరు 31న అది మూతపడ్డాక టొరంటో చెత్త లారీల్లో మిషిగన్‌కు వెళ్లింది. గడ్డిలో ముప్పాతిక వంతుకు పైగా నీరే. ఆ నీటిని మోసుకెళ్లి పారబోయడం ఎంత దండగో మేపుల్‌వాసులకు వేరే చెప్పక్కర్లేదు.

గడ్డిని సంచికెత్తకుండా నేల మీదే వదిలే మార్పుకు 1994 నాటి ఒంటారియో రెగ్యులేషన్ 101/94 ఊతమిచ్చింది. పెద్ద మునిసిపాలిటీలు ఆకులు, తోట వ్యర్థాలను చెత్త నుంచి వేరు చేయాలని అది ఆదేశించింది. వాన్ నగరం ఆకులు, కొమ్మలు వంటి తోట వ్యర్థాలను తీసుకుంటుంది గానీ కోసిన గడ్డిని తీసుకోదు, లాన్ మీదే వదలమంటుంది. కాబట్టి ఇక్కడ గడ్డిని సంచికెత్తే కాంట్రాక్టరు దాన్ని చేర్చే చోటు, ఖర్చు తానే చూసుకోవాలి.

మల్చింగ్ మలుపు

1980ల చివర టెక్సాస్‌లో విశ్వవిద్యాలయ విస్తరణ సేవలు గడ్డిని సంచికెత్తవద్దని ప్రచారం చేపట్టాయి. పలు అమెరికా రాష్ట్రాలు తోట వ్యర్థాలను డంపింగ్ స్థలాల్లో నిషేధించాయి. తయారీదారులు వెంటనే స్పందించారు. టోరో 1990 ప్రాంతంలో రీసైక్లర్ పేరుతో మల్చింగ్ మోవర్లు తెచ్చింది. వెనక అంచున పళ్లున్న గేటర్ తరహా బ్లేడ్లు వాణిజ్య డెక్‌లలో ప్రవేశించాయి.

ఒంటారియోలో అందాల కోసం వాడే పురుగుమందులపై (కలుపు మందులతో సహా) 2009 ఏప్రిల్ 22న అమల్లోకి వచ్చిన నిషేధం రెండో మలుపు. షరతులతో గోల్ఫ్ మైదానాలకు మినహాయింపు దొరికింది గానీ ఇళ్లు, కార్యాలయాల లాన్లకు దొరకలేదు. కలుపును మందుతో చంపే దారి మూసుకుపోవడంతో, గడ్డిని ఎత్తుగా ఉంచి నీడతో కలుపును అణచడమే కోత కార్మికుల ఆయుధమైంది. ఇక్కడి కెంటకీ బ్లూగ్రాస్, రైగ్రాస్, ఫెస్క్యూ వంటి చల్లని వాతావరణపు గడ్డికి 6 నుంచి 8 సెంటీమీటర్ల ఎత్తు అనువైనది. మన గరికలా నేలకంటా కోస్తే ఇవి తట్టుకోలేవు.

బ్లేడు రకాలు

*హై-లిఫ్ట్:* రెక్క ఎత్తు ఎక్కువ, గాలి లాగుడు బలం. పక్కకు చిమ్మడానికి, సంచికెత్తడానికి మేలు. ఇంజను మీద భారం, ఇంధనం ఖర్చు ఎక్కువ.

*లో-లిఫ్ట్:* రెక్క పొట్టి. ఇసుక, దుమ్ము ఉన్న చోట వాడతారు. హై-లిఫ్ట్ లేపే ఇసుక రెక్క మొదట్లో లోహాన్ని గీకి పల్చన చేస్తుంది. అక్కడ గాడి కనబడితే ఎంత పదునున్నా బ్లేడు పారేయాల్సిందే. లేకపోతే రెక్క విరిగి తూటాలా దూసుకొస్తుంది.

*మల్చింగ్, గేటర్:* ముక్కలను గాలిలో తిప్పి మళ్లీ మళ్లీ నరుకుతాయి. శరదృతువులో మేపుల్ చెట్ల ఆకులను పొడి చేయడానికీ వాడతారు.

వాన్ ఉత్తర భాగం ఓక్ రిడ్జెస్ మొరైన్ అనే ఇసుక, కంకర గుట్టల వరుస మీద ఉంది. మేపుల్ దగ్గరి పాత కంకర క్వారీలు ఆ ఇసుక నేలకు ఆనవాళ్లు. దక్షిణాన వుడ్‌బ్రిడ్జ్, కాంకర్డ్ వైపు బంకమన్ను ఎక్కువ. అక్కడ వసంతకాలపు తడి గడ్డి డెక్‌కు అంటుకొని ముద్దలుగా రాలుతుంది. ఒకే నగరంలో ఉత్తరాన అరుగుదల సమస్య, దక్షిణాన ముద్దల సమస్య.

గడ్డిని మళ్లించే పరికరాలు

పక్కకు చిమ్మే చూట్ అన్నిటికంటే సులువైనది. మే, జూన్ నెలల్లో గడ్డి వేగంగా పెరిగినప్పుడు పని ఆగకుండా సాగుతుంది. పెడల్‌తో చూట్‌ను మూసే తలుపు పూలమడులు, కార్లు, రోడ్డు వైపు గడ్డి పడకుండా ఆపుతుంది. రోడ్డు మీద పడ్డ గడ్డి వాన కాల్వల గుండా హంబర్, డాన్ నదులకు, అక్కడి నుంచి ఒంటారియో సరస్సుకు భాస్వరాన్ని చేరుస్తుంది. మల్చింగ్ కిట్‌లోని అడ్డు రేకులు డెక్‌లో ప్రతి బ్లేడునూ వేరు గదిగా చేసి ముక్కలను లోపలే తిప్పుతాయి. బెల్టుతో నడిచే బ్లోయర్ ఉన్న బ్యాగర్ పచ్చి గడ్డిని, ఆకులను వెనక డబ్బాల్లోకి ఊదుతుంది. దాని బరువుకు మోవర్ తూగు తప్పకుండా ముందు బరువులు కట్టాల్సి రావచ్చు.

పదును, భద్రత

మొద్దుబారిన బ్లేడు ఆకును కోయదు, చీలుస్తుంది. ఒకటి రెండు రోజుల్లో చీలిన కొనలు తెల్లబడి, దూరానికి లాన్ అంతా వెలిసినట్టు కనబడుతుంది. అందుకే వాణిజ్య బృందాలు అదనపు బ్లేడ్ల జత వెంట ఉంచుకొని తరచూ మారుస్తాయి. సాన పట్టాక బ్లేడును నడిమి రంధ్రంలో మేకుకు తగిలించి చూస్తారు. ఒక పక్కకు ఒరిగితే బరువైన కొసను ఇంకొంచెం అరగదీస్తారు. తూకం తప్పిన బ్లేడు కుదుపులకు ఇరుసు బేరింగులు పాడవుతాయి. అమెరికా ప్రమాణాల్లో బ్లేడు కొన వేగానికి నిమిషానికి 19,000 అడుగుల పరిమితి ఉంది. అందువల్ల డెక్‌కు సరిపడని పొడవు బ్లేడు బిగించడం ప్రమాదం.

నేటి స్థితి

ఒక కోతలో ఆకు ఎత్తులో మూడో వంతుకు మించి తీయకపోతే ముక్కలు చిన్నవై నేలలో కలిసిపోతాయి. అలా వదిలిన గడ్డి లాన్‌కు ఏడాదికి కావలసిన నత్రజనిలో నాలుగో వంతు దాకా తిరిగి ఇవ్వగలదు. కాబట్టి వాన్‌లో మల్చింగ్ బ్లేడు, పదునైన అంచు, వారం తప్పని కోత మొదటి ఎంపికగా ఉండాలి. వానలకు కోత తప్పి గడ్డి ఏపుగా పెరిగినప్పుడు హై-లిఫ్ట్ బ్లేడు, పక్క చూట్. ఆకులు దట్టంగా రాలినప్పుడు, కలుపు గింజ పట్టినప్పుడు బ్యాగర్. ఏ నెలకు ఏ పరికరమో కాంట్రాక్టులోనే రాసుకోవడం యజమానికీ, కోసేవాడికీ, ఆ నేలకూ మేలు.