రికార్డే గురువు: వెస్ మాంట్‌గమరీ గిటార్ సాధన – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

సంగీతాన్ని గురుముఖతః అభ్యసించాలన్నది మన సంప్రదాయం. స్వరలిపి ఎంత వివరంగా ఉన్నా గమకం గురువు గొంతు నుండే శిష్యునికి అందుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో గ్రామఫోన్ రికార్డు ఈ క్రమంలోకి మరో మార్గాన్ని తెచ్చింది. రికార్డు ఏమి నేర్పగలదు, ఏమి నేర్పలేదు అన్న ప్రశ్నను అమెరికన్ జాజ్ గిటారిస్టు వెస్ మాంట్‌గమరీ (1923–1968) సాధన ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. చార్లీ క్రిస్టియన్ రికార్డులు:

1916లో టెక్సాస్‌లో జన్మించిన చార్లీ క్రిస్టియన్ 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరాడు. అంతకుముందు పెద్ద వాద్యబృందాలలో గిటార్ ప్రధానంగా లయకు తోడుగా ఉండేది. విద్యుత్ గిటార్ సాయంతో క్రిస్టియన్ దానిని శాక్సఫోన్‌కు దీటైన ఏకవాద్యంగా నిలిపాడు. 1941 మార్చిలో రికార్డయిన ‘సోలో ఫ్లైట్’ ఇందుకు నిదర్శనం. మరుసటి సంవత్సరమే, 25 ఏళ్ళ వయసులో, ఆయన క్షయవ్యాధితో మరణించాడు. రికార్డులు లేకుంటే ఆ మనోధర్మం విన్నవారి జ్ఞాపకాలతోనే ముగిసేది.

3. వినికిడే పాఠం:

ఇండియానాపోలిస్‌కు చెందిన మాంట్‌గమరీకి స్వరలిపి చదవడం రాదు. సుమారు ఇరవై ఏళ్ళ వయసులో ‘సోలో ఫ్లైట్’ విని విద్యుత్ గిటార్ కొనుక్కున్నాడు. క్రిస్టియన్ సోలోలను స్వరం తప్పకుండా కంఠస్థం చేశాడు. వాటిని యథాతథంగా వాయించడానికే స్థానిక క్లబ్బులో ఆయనకు పని దొరికింది. అవి అయిపోతే వాయించడానికి ఆయన వద్ద వేరే ఏమీ ఉండేది కాదు. ఒక పక్కకు మూడు నిమిషాల చొప్పున పట్టే రికార్డు, అప్పటికప్పుడు పుట్టిన మనోధర్మాన్ని మార్పులేని పాఠంగా మార్చింది. ఎన్నిసార్లయినా వినగలగడం దాని బలం. శిష్యుని ప్రశ్నకు బదులు చెప్పలేకపోవడం దాని పరిమితి.

4. బొటనవేలు:

ఆ పరిమితే మరొకచోట అవకాశమైంది. రికార్డు ధ్వనిని అందిస్తుంది, చేతిని చూపదు. క్రిస్టియన్ వాయించినది ప్లెక్ట్రమ్‌తో. మాంట్‌గమరీ మాత్రం ఇంట్లో సాధన చేసేటప్పుడు ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలగకుండా బొటనవేలితో మీటడం అలవాటు చేసుకున్నాడు. ఎదురుగా గురువు ఉంటే దానిని దోషంగా సరిదిద్దేవాడేమో. సరిదిద్దేవారు లేనందువల్ల ఆ మెత్తని నాదమే ఆయన ముద్రగా స్థిరపడింది. గురువు ప్రతిమ ఎదుట విద్య నేర్చిన ఏకలవ్యుడు బొటనవేలిని కోల్పోయాడు. రికార్డు ఎదుట నేర్చిన ఈ శిష్యునికి దక్కినది బొటనవేలే.

5. ముగింపు:

1948లో లయొనెల్ హాంప్టన్ బృందంలో చేరిన మాంట్‌గమరీ, 1960 నాటి రివర్‌సైడ్ ఆల్బమ్ ‘ది ఇన్‌క్రెడిబుల్ జాజ్ గిటార్’తో విశేష ఖ్యాతి పొందాడు. అనుకరణ నుండి స్వీయశైలికి సాగిన ఈ దూరాన్ని రికార్డు ఒక్కటే నడిపించలేదు. పదబంధాన్ని రికార్డు ఇచ్చింది; నాదాన్ని ఇంటి పరిస్థితి ఇచ్చింది; రెండింటినీ ఏకం చేసింది ఏళ్ళ తరబడి సాగిన కచేరీ అనుభవం. కళాకారులపై రికార్డుల ప్రభావాన్ని అంచనా వేసే పరిశోధకులు, వారు ఏమి విన్నారన్న దానితోపాటు ఎక్కడ, ఏ పరిస్థితులలో విన్నారన్నదీ పరిగణించవలసి ఉంటుంది.