మిల్లు గోదాముల షట్టర్లు: భద్రతా నియమాలు

రాయచూరు, సింధనూరు, మాన్వి ప్రాంతాల బియ్యపు మిల్లులలో, పత్తి జిన్నింగ్ మిల్లులలో గోదాములకు ఇనుప రోలింగ్ షట్టర్లు సర్వసాధారణం. షట్టరు బరువులో అధికభాగాన్ని పైనున్న ఇరుసులోని స్ప్రింగులు మోస్తాయి. అవి తెగితే షట్టరు ఒక్కసారిగా కిందపడే ప్రమాదముంది.

మోటారు షట్టరుకు పడిపోకుండా పట్టి నిలిపే బ్రేకు, అడ్డు తగిలితే ఆగే ఏర్పాటు, కరెంటు పోయినప్పుడు తెరిచేందుకు చేతి గొలుసు ఉండాలి. దిగుతున్న షట్టరు కింద దూరరాదు. మరమ్మతుకు ముందు కరెంటు నిలిపివేయాలి. బిగువులో ఉన్న స్ప్రింగును శిక్షణ లేనివారు విప్పరాదు. పత్తికి నిప్పు త్వరగా అంటుకుంటుంది. లోపల మనుషులుండగా బయట తాళం వేయరాదు.

1948 నాటి కర్మాగారాల చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రతా స్మృతి ప్రకారం, ప్రమాదశంక కలిగిన కార్మికుడు ఆ విషయాన్ని యజమాని దృష్టికి తేవచ్చు. మిల్లు పనికి వెళ్లేవారికి ఇంటివారు ఈ సంగతులు గుర్తుచేయడం మేలు.