రేకు పుట్టింది సరుకు కోసం

నిన్న రాత్రి వానకి మా రేకులింట్లో ఒకరి మాట ఒకరికి వినపడితే ఒట్టు. నిద్రెలాగూ లేదు, ఈ రేకు కథ రాద్దామనిపించింది.

అలల రేకుకి 1829లో పేటెంటు తీసుకున్నది హెన్రీ పామర్, లండన్ ఓడరేవు ఇంజనీరు. పల్చటి ఇనప రేకుని అలలుగా వంచితే గట్టిపడుతుంది, కింద దూలాలు తక్కువ చాలు. రేవులో షెడ్లకి భలే కుదిరింది. 1837లో ఫ్రాన్సులో సోరెల్ జింకు పూతకి పేటెంటు తీసుకున్నాక తుప్పు బాధా తగ్గింది. అంటే ఇది సరుకు దాచడానికి పుట్టిన కప్పు, మనుషులు పడుకోడానికి కాదు.

మరి మనం దీని కిందకి ఎందుకొచ్చాం? నిప్పు భయం. నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం మా వీధిలో తాటాకిళ్ళు వరసగా కాలిపోయాయి. మరుసటేడే నాన్న రేకులేయించాడు. బెంగ తీరింది గానీ చల్లదనం పోయింది. తాటాకు పొరల మధ్య గాలి నిలిచి వేడిని ఆపేది. రేకు మిల్లీమీటరు మందం కూడా ఉండదు, ఎండ సూటిగా దిగుతుంది, చినుకు పడితే డప్పే.

అమ్మ ఊరుకోలేదు. రేకు కింద జానెడు ఖాళీ వదిలి వెదురు తడిక కట్టించి, మట్టి మెత్తించింది. వేడీ చప్పుడూ రెండూ తగ్గాయి. ఆరేళ్ళ కిందట రేకులు మార్చినప్పుడు, పాతబడిందని ఆ తడిక పీకించింది నేనే.

మీ ఊళ్ళో తడికలల్లేవాళ్ళు ఇంకా ఎవరైనా ఉంటే చెప్పండి.