బంగారు కార్డు – దాని చందా

మా సహోద్యోగి యొకరికి ఇటీవల వారి బ్యాంకు నుండి ఒక ఉత్తరము వచ్చినది. ఇప్పుడు వారి వద్దనున్న క్రెడిట్ కార్డుకు ఏడాదికి 1,000 రూపాయలు చందా. దానికి బదులుగా 10,000 రూపాయల చందాపై ఉన్నత శ్రేణి కార్డు నొసగెదమనియు, విమానాశ్రయములలో విశ్రాంతి మందిరము, హోటళ్లలో తగ్గింపు, ప్రతి కొనుగోలుపై హెచ్చు పాయింట్లు లభించుననియు అందులో వ్రాసిరి. "తీసుకొనవచ్చునంటారా?" అని ఆయన మమ్ముల నడిగెను. మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. అరువు తెచ్చుకొన్నవాడు వడ్డీ కట్టుట లోకమెరిగిన విషయమే. అరువు పుచ్చుకొనక మునుపే, పుచ్చుకొను గౌరవమునకై చందా కట్టుట ఎక్కడ మొదలైనది? ఆ సంగతి తెలిసినగాని జవాబు దొరకదనిపించినది.

1950లో న్యూయార్కు నగరమున ఫ్రాంక్ మెక్‌నమారా అనువాడు డైనర్స్ క్లబ్ అను సంస్థను నెలకొల్పెను. ఆయన ఒకనాడు భోజనశాలలో తిని, డబ్బు సంచి ఇంట మరచితినని గ్రహించి సిగ్గుపడి ఈ ఉపాయము కనిపెట్టెనని ఒక కథ కలదు. ఆ కథను సంస్థ ప్రచారకులే అల్లిరని తరువాత తేలినది. అయినను మంచి కథ. సభ్యుడు అట్టముక్క చూపి భోజనము చేయును. నెలాఖరున మొత్తము బాకీ ఒక్కసారిగా తీర్చును. భోజనశాల యజమాని నూటికి 7 వంతున సంస్థకు కమీషను చెల్లించును. సభ్యుడు ఏటా స్వల్పమైన చందా కట్టును. అనగా రాబడి రెండు వైపుల నుండి వచ్చుచుండెను. ఆ పేరును కూడ గమనింపవలెను. అది బ్యాంకు కాదు, దుకాణము కాదు, క్లబ్బు. క్లబ్బులో అందరు నుండరు.

ఈ కిటుకును ఇంకను బాగుగా గ్రహించినది అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కంపెనీ. 1891 నుండి యాత్రికుల చెక్కులమ్మి పేరు గాంచిన ఆ సంస్థ 1958 అక్టోబరు 1వ తేదీన తన కార్డును వెలువరించెను. అప్పటికి డైనర్స్ క్లబ్ చందా 5 డాలర్లు. క్రొత్తగా అంగడిలో ప్రవేశించువాడు ధర తగ్గించుట లోక సహజము. కాని వీరు 6 డాలర్లు నిర్ణయించిరి. ఆ ఒక్క డాలరు ఏ సేవకును వెల కాదు. తమ కార్డు అవతలివారి కార్డుకన్న ఒక మెట్టు పైనున్నదని చెప్పుటకే ఆ డాలరు. నేటి ఉన్నత శ్రేణి కార్డుల వంశవృక్షమంతయు ఆ డాలరు నుండియే మొలచినదని మా అభిప్రాయము.

అదే ఏడాది సెప్టెంబరులో కాలిఫోర్నియా రాష్ట్రమున ఫ్రెస్నో పట్టణములో మరియొక వంశము పుట్టినది. బ్యాంక్ ఆఫ్ అమెరికా వారు అడుగకయే 60,000 కార్డులను తపాలాలో ఇంటింటికి పంపిరి. ఇందులో బాకీని నెలనెలకు మిగుల్చుకొని వడ్డీ కట్టవచ్చును. ఇది క్లబ్బు కాదు, సంత. దీని ఆదాయము వడ్డీపై నిలిచినది. 1980 మార్చిలో అధ్యక్షుడు కార్టర్ అరువుపై ఆంక్షలు విధించినప్పుడు ఆ దేశపు బ్యాంకులు సాధారణ కార్డులకు సైతము ఏటేటా చందా వసూలు చేయ మొదలిడెను. ఆ పద్ధతి చిరకాలము నిలువలేదు. 1980ల నడుమ డిస్కవర్ కార్డు, 1990లో ఎ.టి. అండ్ టి. కంపెనీ కార్డు చందా లేకయే రాగా, తక్కినవారును దిగిరాక తప్పలేదు.

సాధారణ కార్డుపై చందా సన్నగిల్లినకొలది, మెట్టు మెట్టుకు పైకి చూపదగిన కార్డులపై అది పెరిగినది. 1966లో బంగారు కార్డు, 1984లో ఆహ్వానితులకు మాత్రమే 250 డాలర్ల చందాపై ప్లాటినం కార్డు, 1999లో నల్లని సెంచూరియన్ కార్డు వచ్చినవి. ఈ నల్ల కార్డు పుట్టుక వినోదకరమైనది. అటువంటి రహస్యపు కార్డొకటి కలదని జనులలో ఎన్నో ఏండ్లుగా గాలివార్త తిరుగుచుండెను. లేని దానికే యింత గిరాకీ యున్నప్పుడు ఏల చేయరాదని కంపెనీ దానిని నిజము గావించెను.

ప్లాటినం కార్డు చందా 2017లో 550, 2021లో 695, 2025లో 895 డాలర్లకు చేరినది. ఈ అంకెలు చూచి నోరు తెరువనవసరము లేదు. ధరల పెరుగుదలను లెక్కించినచో 1984 నాటి 250 డాలర్లు ఇప్పటి 770 డాలర్లకు పైమాటే. చందాకన్న ఎక్కువగా మారినది దానికి ప్రతిఫలముగా ఇచ్చు వస్తువు. పూర్వము సేవ యుండెడిది. ఇప్పుడు అధికభాగము కూపన్లు. ఫలానా హోటలులో దిగిన యింత, ఫలానా అంగడిలో కొనిన యింత వాపసు. అవి అన్నియు కూడినచో చందాకు ఎన్నో రెట్లగునని ప్రకటనలలో కూడికలు వేసి చూపుదురు. ఆ హోటలులో మనము ఎట్లును దిగెడివారమైతేనే అది రాబడి. కూపనున్నదని దిగినచో అది ఖర్చు.

ఇంకొక సంగతి. ఇచ్చిన సౌకర్యము ఇచ్చినవారి యిష్టము. 2016లో ఛేజ్ బ్యాంకు వారు 450 డాలర్ల చందాపై ఒక కార్డు తెచ్చి, చేరినవారికి 1,00,000 పాయింట్లు ప్రకటించిరి. జనము విరగబడగా కార్డులు చేయు లోహము చాలలేదు. ఆ కార్డు వలన ఒక్క త్రైమాసిక లాభములోనే 20 నుండి 30 కోట్ల డాలర్లు తగ్గునని ఆ బ్యాంకు అధిపతియే చెప్పెను. 2017 జనవరిలో ఆ పాయింట్లను సగము చేసిరి. ముందు వచ్చినవారు బాగుపడిరి. వారిని చూచి వచ్చినవారు చందా కట్టిరి. మన దేశమున 2023 తరువాత పలు బ్యాంకులు విశ్రాంతి మందిర ప్రవేశమునకు గడచిన మూడు నెలలలో ఇంత ఖర్చు పెట్టియుండవలెనని నిబంధన చేర్చుటయు ఈ జాతిదే.

ఈ విందుకు వంటఖర్చు ఎవరిది? 1991లో బోస్టన్ నగరపు భోజనశాలల యజమానులు అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కమీషనుపై తిరుగబడి, కొంత తగ్గింపు సాధించిరి. 2010లో అదే నగరపు ఫెడరల్ రిజర్వు బ్యాంకు ఆర్థికవేత్తలు లెక్క కట్టగా, రొక్కమిచ్చి కొను సగటు కుటుంబము ఏటా 149 డాలర్లు కార్డు వాడువారికి పరోక్షముగా సమర్పించుచున్నదని తేలినది. కమీషను వస్తువు ధరలోనే కలిసియుండును గదా.

మన దేశమునకు డైనర్స్ క్లబ్ కార్డు 1961లో వచ్చినది. బ్యాంకులలో 1980లో సెంట్రల్ బ్యాంకు, 1981లో మన ఆంధ్రా బ్యాంకు కార్డులిచ్చినవి. పట్టాభి సీతారామయ్యగారు 1923లో బందరులో స్థాపించిన ఆ సంస్థ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో లీనమైనది.

ఇక మా సహోద్యోగి లెక్క. చందాపై నూటికి 18 జి.ఎస్.టి. చేర్చగా క్రొత్త కార్డు 11,800 రూపాయలు, పాతది 1,180 రూపాయలు, తేడా 10,620. పాత కార్డు నూటికి ఒక రూపాయి, క్రొత్తది మూడు రూపాయలు పాయింట్ల రూపమున తిరిగి యిచ్చునని వారి ఉత్తరము. నూటికి రెండు రూపాయల లాభముతో 10,620 రాబట్టుటకు ఏటా 5,31,000, అనగా నెలకు 44,250 రూపాయలు కార్డుపై ఖర్చు కావలెను. అదియు నెలనెల బాకీ నిశ్శేషముగా తీర్చువారికే. నెలకు నూటికి 3 రూపాయలకు పైబడిన వడ్డీ కట్టువారికి ఏ పాయింట్లును ఆ గుంట పూడ్పజాలవు.

ఆయన పండ్రెండు నెలల బిల్లులు తెచ్చి మా బల్లపై పరచెను. సగటు 26,000. అందులో మార్చి నెల ఒక్కటి మాత్రము పెద్దది. కారణ మడుగగా, నిర్ణీతమైన ఖర్చు దాటినచో 1,000 రూపాయల చందా మాఫీ అగునని ఆ నెలలో క్రొత్త టెలివిజను కొంటినని చెప్పెను. పాతది పాడైనదా అని అడిగితిమి. లేదట; వెనుక గదిలో ఉన్నదట.

విమానాశ్రయపు మందిరము మాటయేమని ఆయన మరల అడిగెను. ఏడాదికి ఎన్నిసార్లు విమానమెక్కుదురని మేమడుగగా, సంక్రాంతికి విశాఖపట్టణము వెళ్లుట తప్ప ప్రయాణములు లేవనియు, అదియు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ననియు చెప్పి, బిల్లులు మడచుకొని వెళ్లెను. ఉత్తరము మాత్రము మా బల్లపైనే మిగిలినది.