ఒక ఓటు, ఒక చందా

ప్రజాప్రతినిధి ప్రవర్తనకు రెండు పుస్తకములు సాక్ష్యము చెప్పును. సభలో ఆతడు ఏ పక్షమున ఓటు వేసెనో తెలుపునది మొదటిది. ఎన్నికల సమయమున ఆతనికి ఎవరెవరు ధనమిచ్చిరో తెలుపునది రెండవది. మొదటి పుస్తకము నలుగురి యెదుట తెరచియుండును. రెండవది చిరకాలము పెట్టెలోనే యుండెను. ఈ రెండును ఒకనాడు అనుకోకుండ ప్రక్కప్రక్కన తెరువబడిన వృత్తాంతము అమెరికా సంయుక్త రాష్ట్రముల చరిత్రలో నొకటి కలదు. దానిని శ్రోతలకు మనవి చేయదలచితిమి.

సభ్యుల ఓట్లను గుర్తించి వ్రాయుట ఆ దేశమున పాత ఆచారము. హాజరైనవారిలో అయిదవ వంతు మంది కోరినచో ఎవరు 'ఔను' అనిరో, ఎవరు 'కాదు' అనిరో సభాచర్యల గ్రంథమున చేర్చవలెనని 1787లో రచింపబడిన రాజ్యాంగమే విధించినది. ధనము విషయమున నియమములు ఆలస్యముగ వచ్చినవి. జాతీయ ఎన్నికలకు వ్యాపార సంస్థలు చందాలీయరాదని 1907లో ఒక శాసనము పుట్టెను. అభ్యర్థులు లెక్కలు దాఖలు చేయవలెనని 1925లో మరియొకటి వచ్చెను. కాని ఒక్క రాష్ట్రములోనే పనిచేయు ఎన్నికల సంఘములు ఈ రెండవ శాసనమునకు లోబడలేదు. కంచె వేసిరి గాని గవిని మూయలేదు.

ఇక కథకు వత్తము. అమెరికాలో వంటకును, చలికాలమున ఇండ్లు వెచ్చజేసికొనుటకును సహజవాయువు విరివిగా వాడుదురు. టెక్సాసు, ఓక్లహోమా, లూయిసియానా రాష్ట్రముల బావులనుండి ఆ వాయువు గొట్టముల ద్వారా ఉత్తరపు నగరములకు పోవును. బావివద్ద ఉత్పత్తిదారులు తీసికొను ధరకూడ కేంద్రప్రభుత్వపు అదుపులోనిదేయని 1954 జూన్‌లో అచ్చటి సుప్రీం కోర్టు తీర్పు చెప్పెను. ఆ అదుపును తొలగింపజేసికొనుటకై ఉత్పత్తిదారులు గట్టిగా ప్రయత్నించిరి. ఆర్కన్సా రాష్ట్రమునకు చెందిన హారిస్, ఫుల్‌బ్రైట్ అను సభ్యుల పేర బిల్లు బయలుదేరెను. 1955 జూలైలో ప్రతినిధుల సభలో అది 209 ఓట్లకు 203 ఓట్లుగా, అనగా కేవలము ఆరు ఓట్ల ఆధిక్యముతో, గట్టెక్కెను. పొయ్యి వెలిగించు ప్రతి గృహిణికిని, బావిగల ప్రతి కంపెనీకిని సెనేటులోని ఒక్కొక్క ఓటు విలువైనదయ్యెను.

దక్షిణ డకోటా రాష్ట్రమునుండి ఎన్నికైన సెనేటరు ఫ్రాన్సిస్ కేస్ రిపబ్లికను పక్షమువాడు. పూర్వము పత్రికారంగమున పనిచేసినవాడు. 1937 నుండి ప్రతినిధుల సభలోను, 1951 నుండి సెనేటులోను సభ్యుడు. సెనేటరు మెకార్తీ ప్రవర్తనను 1954లో విచారించిన ఆరుగురిలో నొకడు. 1956లో ఆయన మరల ఎన్నికకు నిలువవలసియుండెను. వాయువు బిల్లుకు ఆయన అనుకూలుడని అందరును తలచుచుండిరి.

1956 ఫిబ్రవరి 3వ తేదీన ఆయన సెనేటులో లేచి ఒక సంగతి బయటపెట్టెను. బిల్లు విషయమున ఆయన అభిప్రాయమెట్టిదో ఒక న్యాయవాది విచారించి తెలిసికొనెననియు, పిదప ఎన్నికల ఖర్చులకని 2,500 డాలర్లు నగదుగా ఆయన స్వరాష్ట్రమున ఒక మిత్రునియొద్ద విడిచి పోయెననియు చెప్పెను. ఆ ధనమును తాను స్వీకరింపననియు, బిల్లుకు అనుకూలముగ ఉండదలచిన తాను ఇక ప్రతికూలముగ ఓటు వేయుదుననియు ప్రకటించెను.

సభ నిశ్చేష్టమయ్యెను; పిమ్మట కోపగించెను. గుమ్మడికాయల దొంగయనగా భుజములు తడుముకొన్నట్లు, బిల్లును కోరినవారందరికిని ఆ మాట తమకే తగిలినట్లు తోచెను. వారిలో ఒక్క డాలరైనను ముట్టక మనఃపూర్వకముగ బిల్లును మెచ్చినవారును ఉండిరి గదా! మూడు దినములకు, ఫిబ్రవరి 6వ తేదీన, బిల్లు 53 ఓట్లకు 38 ఓట్లుగా నెగ్గెను. కేస్ తాను చెప్పినట్లే 'కాదు' అనెను. ఆయన ఓటు ఫలితమును మార్చలేదు. ఆయన మాట మార్చెను. ఫిబ్రవరి 17వ తేదీన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ బిల్లును తిరస్కరించెను. దాని మూలోద్దేశముతో తనకు విరోధము లేదనియు, దానిని నెగ్గించుటకు కొందరు అనుసరించిన పద్ధతులు మర్యాదను మీరినవనియు ఆయన కారణము తెలిపెను.

ధనము సుపీరియర్ ఆయిల్ కంపెనీ అధ్యక్షునినుండి వచ్చినట్లు విచారణలో తేలెను. శాసనసభ్యులను ప్రభావితము చేయ వచ్చువారు తమ పేరు నమోదు చేసికొనవలెనని 1946 నాటి శాసనము. దానిని ఉల్లంఘించినందులకు ఆ కంపెనీయు, దాని న్యాయవాదులిద్దరును నేరము ఒప్పుకొని శిక్షింపబడిరి. 1956 నవంబరులో కేస్ స్వల్పాధిక్యముతో తిరిగి ఎన్నికై, 1962లో పదవిలో ఉండగనే మరణించెను.

ఇచ్చట మనమొక ప్రశ్నను తప్పించుకొనరాదు. ధనము పుచ్చుకొని అనుకూలముగ ఓటు వేయుట తప్పని యెల్లరు నొప్పుకొందురు. ధనమును చూచి ప్రతికూలముగ ఓటు వేయుట మాత్రము ధనప్రభావము కాదా? బిల్లు మంచిదైనచో నోట్లవలన చెడ్డదగునా? ఆనాడే కొందరు ఈ మాట అడిగిరి. అది కొట్టివేయదగినది కాదు.

అయినను ఆయన స్థితిని ఆలోచింపుడు. ధనము రహస్యముగ తిప్పిపంపి 'ఔను' అనినచో నిజము మరుగుపడియుండును. నిజము వెల్లడించి 'ఔను' అనినచో ఆ ఓటును నమ్మువారు అరుదు. దొంగచందా చేసిన అసలు నష్టమిదియే. అది ఓటును కొనలేకపోయినను ఓటునకు గల గౌరవమును హరించెను. నిజాయితీపరునిచేత గూడ తన అభిప్రాయమునకు విరుద్ధముగ ఓటు వేయించెను. ఆయన నిర్ణయమును సంశయింపవచ్చును గాని, ఆయన వెల్లడించుటను మాత్రము మేము మెచ్చుకొనక తప్పదు.

లోపమును సరిదిద్దుటకు ఆ దేశమునకు చాలకాలము పట్టెను. ఎన్నికల ధనమును వెల్లడించు శాసనము 1971లో వచ్చెను. 1974 సవరణచే ఒక వ్యక్తి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికలో 1,000 డాలర్లకు మించి ఈయరాదని నిర్ణయింపబడెను. లెక్కలు చూచుటకు ఎన్నికల కమిషను ఏర్పడెను.

మన దేశమునను ఈ చర్చ అదే కాలమున పుట్టెను. పార్టీలకు చందాలిచ్చుటకై టాటా ఉక్కు కంపెనీ తన నిబంధనలను మార్చుకొనగోరినపుడు, 1957లో బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి చాగ్లా చట్టానుసారము అనుమతించుచునే, ఇది ప్రజాస్వామ్యమునకు అపాయకరము కాగలదని హెచ్చరించెను. కంపెనీల చందాలకు 1960లో హద్దు ఏర్పడెను. 1969లో నిషేధము వచ్చెను. 1985లో నిషేధము తొలగెను. ఆ 1985లోనే వచ్చిన ఫిరాయింపుల నిరోధక శాసనముచే, పార్టీ ఆదేశమును మీరి ఓటు వేసినవాడు సభ్యత్వమును కోల్పోవచ్చును. కావున కేస్ వలె ఒంటరిగ ఎదురు ఓటు వేయుట మనయొద్ద కష్టతరము. ఓటు పార్టీదైనపుడు పార్టీ లెక్కయే చూడదగినది. 2018లో వచ్చిన ఎన్నికల బాండ్లు దాతల పేర్లను ప్రజలనుండి మరుగుపరచినవి. అది ఓటరు తెలిసికొనుహక్కునకు విరుద్ధమని 2024 ఫిబ్రవరి 15వ తేదీన సుప్రీం కోర్టు వానిని కొట్టివేసెను.

ఓటు పుస్తకము ఒక్కటియే చదివినచో ప్రతినిధి ఏమి చేసెనో తెలియును. ఎందులకు చేసెనో తెలియదు. చందాల పుస్తకము ఒక్కటియే చదివినచో అనుమానము కలుగును, నిర్ణయము కుదురదు. రెండును చేతనుంచుకొని చదువుట ఓటరు ధర్మము. ఆ రెండవ పుస్తకమును ఒక సభ్యుడు తనంతట తాను తెరచు దినము అరుదుగ వచ్చును. తక్కిన దినములలో దానిని తెరపించు భారము మనదే.