మన నల్లా నీళ్ల వెనుక కాకతీయుల చెరువులు

బడిలో కాకతీయుల చెరువుల పేర్లు బట్టీ పట్టాం. ఇంజనీరునయ్యాక వాటి వెనకున్న ఆలోచన అర్థమైంది.

1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడి కట్టించాడు. దగ్గరలోనే చెరువూ వెలిసింది. గణపతిదేవుని కాలంలోనే జగదాల ముమ్మడి పాకాల చెరువు కట్టించాడు. చాలాచోట్ల చెరువులు గొలుసుకట్టుగా ఉండేవి. పైచెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు కిందిచెరువుకు చేరేది. తూము తెరిచి నీళ్లు పంచడానికి నీరటి ఉండేవాడు. చెరువు కట్టించి కాపాడినవారికి దశబంధ మాన్యం ఇచ్చేవారు. అంటే కట్టిన రోజే మరమ్మతు ఖర్చుకూ దారి చూపారన్నమాట. ఇవాళ్టి మన అంచనాల్లో ముందుగా కోత పడేది ఆ పద్దుకే.

సుబేదారి చుట్టూ కాలనీలు పెరిగాయి. నగరానికి ఇప్పుడు శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ, దేవాదుల ఎత్తిపోతల ద్వారా గోదావరి నీళ్లు వస్తున్నాయి. అయినా వాటిని నిల్వ చేసుకునేది ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల్లోనే. గోదావరి ఎంత ఇచ్చినా, పట్టి ఉంచే చోటు లేకపోతే ఎండాకాలం గడవదు.

2015లో మొదలైన మిషన్ కాకతీయ ఎన్నో చెరువుల్లో పూడిక తీసింది. మంచిదే. కానీ శిఖం భూముల్లో ఇళ్లు లేచి, మత్తడి కాలువలు మూసుకుపోతే చెరువు బతకదు, ఊరూ బతకదు. 2020 ఆగస్టులో మన కాలనీలు మునిగాయి. 2023 జులైలో భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. నీరు తన పాత దారి మరచిపోదు.

మన బ్యాచుల్లో ఇంజనీర్లున్నారు, అధికారులున్నారు, ఇళ్లు కట్టించేవాళ్లూ ఉన్నారు. శిఖం హద్దు, మత్తడి కాలువ నక్షాలో ఉన్నట్టే నేల మీదా మిగిలేలా చూడటం మన చేతుల్లో పనే. సార్లకు, టీచర్లకు ఒక మనవి: కాకతీయుల పాఠం చెప్పే రోజు పిల్లలను వడ్డేపల్లి కట్ట మీదికి తీసుకెళ్లండి. తూము ఎక్కడో, మత్తడి ఎక్కడో చూపించండి.