నాపబండ మిద్దె, తాళం వేసిన తలుపు
పులివెందుల, జమ్మలమడుగు పల్లెల్లో బోదగడ్డి కొట్టాలు పోయి నాపబండల మిద్దెలు లేచాక అగ్గి భయం తగ్గింది. రాయి అంటుకోదు, నిజమే. కానీ వృద్ధాశ్రమానికి ఆ ధీమా చాలదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులుండే పాక కాలి 28 మంది చనిపోయారు. కప్పు తాటాకుదే, అయినా వాళ్లను కదలనివ్వనివి కాళ్ల గొలుసులు. విజయవాడలో కోవిడ్ కేంద్రంగా మార్చిన స్వర్ణ ప్యాలెస్ హోటల్ కాంక్రీటు కట్టడమే. అక్కడా 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున అగ్నిప్రమాదంలో 10 మంది పోయారు. కాబట్టి చూడాల్సింది కప్పు కాదు, బయటికి దారి.

ఆ దారికి వృద్ధాశ్రమాల్లో రాత్రి వేసే తాళం తీస్తే మతిమరుపు పెద్దలు రోడ్డు మీదికి వెళ్లిపోతారంటారు. ఆ భయం అబద్ధం కాదు. దానికి కావలసింది రాత్రంతా మేలుకొని ఉండే మనిషి, అతని దగ్గరే తాళంచెవి, మంచం పట్టినవాళ్లకు కింది గది, దుప్పటితో సహా వాళ్లను బయటికి లాగే అలవాటు.